గూడ్సుబండి వెళ్ళేదాకా ఆగిన స్లైడు

ఆ రోజుల్లో మా ఆఫీసులో ఏ రోగానికైనా మందు ఒకటే, పీపీటీ. లారీ బోల్తాపడితే పీపీటీ, కస్టమర్ అలిగితే పీపీటీ. క్యాంటీన్ సాంబారు నీళ్ళలా ఉందని ఎవరో గొణిగితే దాని మీద కూడా ఒక పీపీటీ చేయించబోయిన పెద్దసారు మాకుండేవారు. ఇప్పటి పిల్లలు ఫోన్లోనే బొటనవేలితో నాలుగు స్లైడ్లు లాగించేసి టీకి వెళ్ళిపోతున్నారు. నా మొదటి పీపీటీ నన్ను పెట్టిన పాట్లు తలుచుకుంటే మాత్రం నాకింకా చెవులు వేడెక్కుతాయి. ఆ తర్వాత నవ్వొస్తుంది. ఆ నవ్వు కూడా అయిపోయాక గదిలో ఎవరూ లేరని గుర్తొస్తుంది.

మాది కృష్ణా జిల్లా. చదువు అవగానే విశాఖపట్నంలో, పోర్టు నుంచి బొగ్గు లారీలకెత్తి స్టీల్‌ప్లాంటు వైపు తోలించే ఒక ప్రైవేటు కంపెనీలో ట్రైనీగా చేరాను. కంచరపాలెంలో రైలుపట్టాల పక్కన మేడమీద ఒక గది తీసుకున్నాను. కింద వాటాలో ఇంటి ఓనరు మామ్మగారు. ఊరు మొత్తం మీద నన్ను పలకరించే మనిషి ఆవిడొక్కతే. ఆ పలకరింపు కూడా కుళాయి వచ్చే వేళకే వచ్చేది. "బాబూ, నీలొచ్చాయి, బేగి బిందట్టుకో!" అని కింద నుంచి కేకేసేది. ఆ కేక కోసం నేను రోజూ ఎదురుచూసేవాణ్ణంటే మీరు నమ్మరు. (నాకున్నది ఒక్క బిందె. అది నిండాక కూడా ఇంకాసేపు కుళాయి దగ్గర నిలబడేవాణ్ణి, ఆవిడ ఇంకేమైనా అంటుందేమోనని.)

ఇక ఆఫీసులో అందరూ అందరికీ బావలే. మా వైపు బావ అనిపించుకోవాలంటే అక్క మొగుడో మేనత్త కొడుకో అయి తీరాలి. ఇక్కడ లారీ తోలేవాడూ బావే, దాన్ని గేటు దగ్గర ఆపేవాడూ బావే, వాళ్ళిద్దరూ చొక్కాలు పట్టుకుంటే మధ్యలో దూరి విడదీసేవాడూ బావే. వీళ్ళందరికీ నడిమధ్య గేటు బావ ఉండేవాడు. గేటు పాసులు రాయడం ఆయన ఉద్యోగం, ఊరందరినీ అనుకరించి నవ్వించడం ఆయన వ్యసనం. అంతమంది బావల మధ్య, మీసం కూడా సరిగ్గా కుదురుకోని నన్ను మాత్రం 'సార్' అనేవారు. దానికి కారణం నాకు ఆలస్యంగా తెలిసింది. పెద్దసారుది కూడా కృష్ణా జిల్లాయే. ఇంకేం, నేను ఆయన చుట్టాన్ననీ, ఆఫీసులో ఎవరేమనుకుంటున్నారో మోసుకెళ్ళడానికే ఆయన నన్ను దింపారనీ తీర్మానం అయిపోయింది. నిజానికి చేరిన రోజున ఆయన నన్ను "ఏ ఊరయ్యా?" అని అడిగారు, నేను చెప్పాను, "ఊఁ" అన్నారు. మా చుట్టరికం అంతటితో సరి.

మధ్యాహ్నం అందరూ కాటా రూమ్‌లో భోంచేసేవారు. లారీలు తూచే కాటా పక్కన చిన్న గది అది. రెండు బల్లలు జరిపి, పేపర్లు పరిచి, కేరేజీలన్నీ మధ్యలో పెట్టేసేవారు. ఎవరి కూర ఎవరు తింటున్నారో తెలిసేది కాదు. అక్కణ్ణించి నవ్వులు మా హాల్లోకి వినపడుతుండేవి. చేరిన కొత్తల్లో ఒకసారి ధైర్యం చేసి కేరేజీ పట్టుకుని వెళ్ళాను. "సార్ ఒచ్చారు, లెగండ్రా, కుర్సీ ఇయ్యండి" అన్నాడు గేటు బావ. అందరూ ఎంత మర్యాదగా లేచారంటే, లేచినవాళ్ళు లేచినట్టే చేతులు కడిగేసుకున్నారు. ఆ మర్యాద నాకు మళ్ళీ తట్టుకునే శక్తి లేక, అప్పట్నుంచి నా బల్ల దగ్గరే మెస్సు కేరేజీ విప్పుకుని కంప్యూటర్‌కి ఎదురుగా తినేవాణ్ణి. నాతో సహపంక్తి అదే.

అలా ఉండగా ఒకరోజు పెద్దసారు పిలిచారు. "రెండే ముక్కలు చెబుతానయ్యా" అని మొదలుపెట్టారు. (ఆయన రెండు ముక్కలంటే బయట ఉన్నవాళ్ళు టీలు తెప్పించుకునేవారు, అంత తీరిక దొరికేది.) ఆ ముక్కల సారాంశం ఏమిటంటే, మన లారీలు టార్పాలిన్ పట్టా కప్పకుండా ఊళ్ళోకి పోతున్నాయి, బొగ్గుదుమ్ము ఇళ్ళ మీద పడుతోంది, జనం తిడుతున్నారు, కాబట్టి శుక్రవారం స్టాఫునీ డ్రైవర్లనీ కూర్చోబెట్టి నువ్వొక పీపీటీ వెయ్యి. నేను బయటికొచ్చేసరికి నా కళ్ళ ముందు లారీలూ లేవు, పట్టాలూ లేవు. ఒక్కటే కనిపించింది. నా పీపీటీకి అందరూ నవ్వుతారు, చప్పట్లు కొడతారు, గేటు బావ వచ్చి నా భుజం మీద చెయ్యేసి "బావా, బువ్వకి రా" అంటాడు. అంతే, నాకింకేమీ అక్కర్లేదు. ఉద్యోగం పర్మనెంట్ అవుతుందా లేదా అన్న బెంగ కూడా దాని ముందు చిన్నదైపోయింది.

ముందు సాఫ్ట్‌వేర్ ఎంచుకోవాలి కదా. పెళ్ళికూతుర్ని చూడ్డానికి వెళ్ళినవాడు కూడా నా అంత తటపటాయించి ఉండడు. ఒకటి ఇంటర్నెట్టులో ఉచితంగా దొరికేది. సొగసుగా ఉండేది గానీ, నెట్టు పోతే స్లైడూ పోయేది, మా ఆఫీసులో నెట్టు వర్షానికీ ఎండకీ కూడా పోయేది. ఇంకొకటి అప్పట్లో కొత్త ఫ్యాషను. అందులో స్లైడు పక్కకి జరగదు, గిర్రున తిరుగుతూ లోపలికి దూకి మళ్ళీ బయటికి తేలుతుంది. అది తెరిచి పెట్టుకుంటే, వెనక నుంచి వెళ్తున్న అకౌంట్స్ అక్క (ఆవిడా నన్ను సారనే అనేది) ఒక్క క్షణం చూసి, "ఆపండి సార్, కడుపులో తిప్పతంది" అని గోడ పట్టుకుంది. సముద్రంలో పడవ మీద యారాడ కొండ దాకా వెళ్ళొచ్చినా చలించని మనిషట ఆవిడ. మూడోదాంట్లో రెడీమేడ్ డిజైన్లు ఉండేవి. ఏది తెరిచినా తెల్లదొరలు కోట్లు తొడుక్కుని చేతులు కలుపుకుంటూ ఉండేవారు. వాళ్ళలో ఒక్కడి చేత కూడా పట్టా కప్పించడం నా వల్ల కాలేదు.

చివరికి ఆఫీసు ల్యాప్‌టాప్‌లో మొదట్నుంచీ ఉన్న పాతదాన్నే ఎంచుకున్నాను. అందుకు అసలు కారణం చెప్పమంటే ఇప్పుడు చెప్పగలను గానీ అప్పుడైతే చచ్చినా చెప్పేవాణ్ణి కాదు. మూసేయబోతే అది నన్ను ప్రశ్నలడిగేది. దాచమంటారా, వద్దా? నిజంగానే వెళ్ళిపోతున్నారా? ఇంగ్లీషులోనే అడిగేదనుకోండి, అయినా ఆ ఊళ్ళో నేను వెళ్ళిపోతుంటే నిజంగానే వెళ్ళిపోతున్నావా అని అడిగినది అదొక్కటే.

స్లైడ్ల సంగతి ఇంక చెప్పక్కర్లేదు. ల్యాప్‌టాప్ గదికి తెచ్చుకుని నాకు తెలిసిన రంగులన్నీ వేశాను. అక్షరాలు ఒక్కొక్కటే లారీ హారన్ కొడుతూ ఎగిరొచ్చి వాలేవి. పోర్టు క్రేన్ల వెనక సూర్యాస్తమయం ఫొటో పెట్టి, దాని మీద ఎర్రటి అక్షరాలతో ఆవాలంతేసి సైజులో టార్పాలిన్ చరిత్ర రాశాను. మామ్మగారు నీళ్ళ కేక వేసినా పలక్కపోతే పైకొచ్చి, తలుపులోంచి తెర వంక చూసింది. "ఏటి బాబూ అది, బట్టల కొట్టా?" అంది. లారీల మీద అని చెప్పాను. "మరి లారీ ఏదీ?" అంది. వెతికితే నాక్కూడా కనపడలేదు. ఉక్రోషం వచ్చింది గానీ, ఆవిడ వెళ్ళాక మంచం ఆ చివర కూర్చుని చూస్తే నా అక్షరాలు నేనే చదవలేకపోయాను. దాంతో కడుపు కోసుకున్నంత బాధతో ఒక్కొక్కటే తీసేశాను. హారన్లు పోయాయి, చరిత్ర పోయింది, సూర్యుడు అస్తమించాడు. చివరికి స్లైడుకో బొమ్మ, బొమ్మ కింద ఒక్క లైను మిగిలింది. పట్టా లేని లారీ. పట్టా ఉన్న లారీ. తాడు ముడి. అలా కొన్ని. చూడ్డానికి బోడిగా ఉన్నా, మంచం చివర నుంచి బాగానే కనపడ్డాయి.

ఆదివారం మధ్యాహ్నం రిహార్సల్ పెట్టుకున్నాను. మెనూలో రిహార్సల్ అన్న మాట పక్కనే గుండ్రటి ఎర్ర బటన్ ఒకటి కనపడితే నొక్కాను. ఇంక జనం కావాలి కదా. మంచం మీద రెండు తలగడలు నిలబెట్టాను, అందులో లావుపాటిది గేటు బావ. కుర్చీలో మంచినీళ్ళ క్యాను పెట్టాను, అది పెద్దసారు. (కొంచెం పోలికలుండేవి కూడా.) నమస్కారం పెట్టి మొదలుపెట్టాను. మధ్యలో మామ్మగారు కేకేస్తే వెళ్ళి బిందె పట్టుకొచ్చాను. మధ్యలో గూడ్సుబండి వెళ్తుంటే, అది వెళ్ళేదాకా కిటికీ దగ్గర నిలబడ్డాను. కంచరపాలెంలో గూడ్సు వెళ్తుంటే మాట్లాడ్డం దండగ. పైగా పెట్టెలు చూస్తూ నిలబడితే ఇంటి మీద బెంగ కాస్త సర్దుకునేది. చివర్లో, ఎవరూ చూడట్లేదు కాబట్టి, పీపీటీ అయ్యాక జరగాల్సింది కూడా రిహార్సల్ వేశాను. అంతా అయ్యాక కంప్యూటర్ ఏదో అడిగింది. ఆ ఏడాది నన్ను ఎవరు ఏమడిగినా నా జవాబు అవుననే ఉండేది. అవునన్నాను.

శుక్రవారం హాలు నిండింది. తలుపు దగ్గర డ్రైవర్లు, ముందు స్టాఫు, మొదటి వరసలో పెద్దసారు. ప్రొజెక్టర్ వైరు పొట్టిది కావడంతో ల్యాప్‌టాప్ ఆయన ముందున్న బల్ల మీదే పెట్టాల్సి వచ్చింది. పక్కన రెండు పెద్ద స్పీకర్లు కూడా తగిలించారు. నేను తెర పక్కన నిలబడి గొంతు సవరించుకున్నాను. నోరు తెరిచేలోపు స్పీకర్లలోంచి, "అందరికీ నమస్కారమండీ" అని నా గొంతే వినపడింది. ఆదివారం నొక్కిన ఎర్ర బటన్ నా మాటల్నీ, స్లైడు మార్చిన వేళల్నీ రికార్డు చేసిపెట్టిందని అప్పుడర్థమైంది. అయినా తెలివిగా పెదాలు కదపడం మొదలుపెట్టాను. మొదటి స్లైడంతా బాగానే నడిచింది. "ఏదో కొత్త పద్ధతిలా ఉందే" అని పెద్దసారు తలాడించారు కూడా.

రెండో స్లైడుకి స్పీకర్లు, "బాబూ, నీలొచ్చాయి!" అన్నాయి. నా పెదాలు ఆగిపోయాయి. మెట్లు దిగుతున్న చప్పుడు. దూరంగా బిందెలో నీళ్ళు పడుతున్న చప్పుడు. దాని మీదుగా మామ్మగారు, "సూడు బాబూ నా వడియాలు! పొద్దున్న ఎండెడితే మద్దేనానికి మసయిపోనాయి. ఆ బొగ్గు లారీలోలకి ఇల్లూ వాకిలీ నేదేటి?" అనడం. తెర మీద పట్టా లేని లారీ అలా నిలబడే ఉంది. డ్రైవర్లలో ఒకాయన మెల్లగా, "మా ఆడది కూడా ఇదే గొడవ" అన్నాడు. ఎవరో తల గోక్కున్నారు. నేను ల్యాప్‌టాప్ వైపు ఒక అడుగు వేశాను. పెద్దసారు చెయ్యి అడ్డం పెట్టారు. "ఉండవయ్యా, బాగుంది, రానీ."

ఆ తర్వాత తాడు ముడి స్లైడు వచ్చింది. దాంతోపాటే గూడ్సుబండీ వచ్చింది. హాలు హాలంతా ఆ ముడి వంక చూస్తూ కూర్చుంది, స్పీకర్లలో పెట్టె మీద పెట్టె వెళ్తూనే ఉంది. ఆ బండి అంత పొడుగని ఆదివారం నాకు అనిపించలేదు. స్లైడు ఎందుకు కదలడం లేదో అక్కడ నా ఒక్కడికే తెలుసు. కిటికీ ఊచలు పట్టుకుని నిలబడ్డ నన్ను వాళ్ళందరూ చూస్తున్నట్టే అనిపించి, తల దించుకున్నాను.

బండి వెళ్ళిపోయింది. అప్పుడు నా గొంతు మర్యాదగా, "పెద్దసారూ, మీరు ఒరిగిపోతున్నారు. ఉండండి, మీ మూత వదులైంది, బిగిస్తాను" అంది. పెద్దసారు అప్రయత్నంగా బట్టతల తడుముకున్నారు. వెనక వరసలో ఎవరో దగ్గు నటించారు. ఇంతలో అదే గొంతు గేటు బావని అనుకరిస్తూ, "ఏటి బావా, ఈ రోజు పెద్దసారు ఎంతసేపు వాయించీసారు?" అంది. దానికి మళ్ళీ నేనే, "రెండే ముక్కలన్నారు బావా. ఆ రెండు ముక్కలయ్యేసరికి ఓడ సింగపూర్ వెళ్ళి వచ్చేసింది" అన్నాను. తలగడకి చెప్పిన మాట అది. నా ఉద్యోగం పోయిందని అర్థమైంది. ఆశ్చర్యం ఏమిటంటే, అప్పుడు కూడా నా ఏడుపు ఉద్యోగం గురించి కాదు. తర్వాతి మాట ఏమిటో నాకు తెలుసు, అది రాకూడదని దణ్ణం పెట్టుకుంటున్నాను.

పెద్దసారు తల పైకెత్తారు. పైన ఫ్యాను కీచుమంటూ తిరుగుతోంది.

"ఫ్యాను ఆపండి, వినపడట్లేదు" అన్నారు.

ఎవరో ఆపారు. ఆ నిశ్శబ్దంలో స్పీకర్లు, "ఒక్కడివే తింటన్నావేటి బావా? భోజనం తింటన్నావేటి? ఇలా వచ్చి కూర్చో" అన్నాయి. కాస్త ఆగి, నా మామూలు గొంతు, "వస్తున్నా బావా" అంది. ఆ తర్వాత కేరేజీ మూత తీస్తున్న చప్పుడు. ఒక్క చెంచా చప్పుడు. అది చాలాసేపు వినపడింది. చివర్లో గుర్తొచ్చినట్టు "థాంక్యూ అండీ, ప్రశ్నలేమైనా ఉన్నాయా?" అని అడిగి తెర నల్లబడింది.

నేను నేల వంక చూస్తున్నాను. గేటు బావ లేచి నిలబడ్డాడు. "నాదొక డౌటు" అన్నాడు. మొహం గంభీరంగా ఉంది. "భోజనం తింటన్నావేటి అని నానెప్పుడన్నాను? కూర్చో అని మావోలెవులైనా అంటారేటి? నా గొంతు తీత్తే తీసావు, సరిగ్గా తియ్యాల కదా. 'బువ్వ తినీసావేటి బావా, ఇటొచ్చి కూకో' అనాల. ఏదీ, అను." నేను అన్నాను. "కూకో దగ్గర అంత బలమెట్టకు, బెదిరిపోతారు. మల్లా అను." మళ్ళీ అన్నాను. అప్పుడు పగిలింది హాలు. తలుపు దగ్గర డ్రైవర్ల నుంచి అకౌంట్స్ అక్క దాకా నవ్వినవాళ్ళు నవ్వినట్టే ఉన్నారు. వాళ్ళు నన్ను 'నువ్వు' అంటున్నారని నాకు రెండో నవ్వులో గానీ తెలియలేదు.

పెద్దసారు లేచి, "రెండే ముక్కలు చెబుతాను" అన్నారు. అందరూ కుర్చీల్లో సర్దుకున్నారు. "పట్టాలు కప్పండి. భోజనాలకి వెళ్ళండి." అంతే అని ఆయన గదిలోకి వెళ్ళిపోయారు. నిజంగానే రెండు ముక్కలు. ఆఫీసు పుట్టాక అదే మొదటిసారని గేటు బావ చాలా రోజులు చెప్పుకున్నాడు.

నేను అలవాటు ప్రకారం నా బల్ల దగ్గర కూర్చుని కేరేజీ తీయబోయాను. దాన్ని నా చేతిలోంచి ఎవరో లాక్కున్నారు. "ఏటి బావా, ఇంకా ఇక్కడే కూకున్నావు? రా" అన్నాడు గేటు బావ. కాటా రూమ్‌లో ఈసారి ఎవరూ లేవలేదు, జరిగారంతే. చేపల పులుసు నా కంచంలోకి, నా గోంగూర అందరి కంచాల్లోకి వెళ్ళిపోయాయి. మొదటి ముద్దకే మంచినీళ్ళ గ్లాసు అందుకున్నాను. కారం అని చెప్పాను. కృష్ణా జిల్లావాడికి మన పులుసు కారమటరా అని దాని మీద ఇంకో విడత నవ్వారు. కాటా రూమ్ కిటికీలోంచి చూస్తే పక్కనే పెద్దసారు గది. ఆయన ఒక్కరే కేరేజీ విప్పుకుని తింటున్నారు. జూన్ ఉక్కలో, కరెంటు ఉండి కూడా, ఆయన గదిలో ఫ్యాను ఆగి ఉంది. "అదేంటి బావా, ఆయనకి చెమట పట్టదా?" అన్నాను. "రోజూ అంతే, బువ్వ వేళకి కట్టీస్తారు. ఆయన ఒంటికి ఉక్క తెలీదు" అని గేటు బావ ఇంకో చేపముక్క వేశాడు. నేను ఆ సంగతి అక్కడే వదిలేశాను.

ఇదంతా జరిగి ఏళ్ళయింది. గేటు బావ రిటైరై పెందుర్తిలో ఇల్లు కట్టుకున్నాడు. ఎప్పుడైనా ఫోన్ చేసి, "ఏటి బావా, కూకో అనడం ఒచ్చిందేటి?" అని అడుగుతాడు. పెద్దసారు ఎప్పుడో మా వైపే వెళ్ళిపోయారు. ఆ గదిలో ఇప్పుడు నేను కూర్చుంటున్నాను. కొత్తగా చేరిన పిల్లలు స్లైడ్లు తెచ్చి చూపిస్తే, "స్లైడుకి ఒక్క లైను చాలమ్మా, వెనక వరస నుంచి కనపడాలి" అని చెబుతాను. "ఓకే సార్" అంటారు. నేను బావనని వాళ్ళకి చెప్పడం ఎలాగో నాకు తెలియదు, అది చెబితే వచ్చేది కాదు కదా.

మొన్న మధ్యాహ్నం కాటా రూమ్‌లో నవ్వులు మొదలయ్యాయి. ఎవడో కుర్రాడు నా గొంతు తీస్తున్నాడు. "స్లైడుకి ఒక్క లైను చాలమ్మా" అంటున్నాడు. 'అమ్మా' దగ్గర మరీ సాగదీశాడు, నేనలా సాగదీయను. వెళ్ళి సరిదిద్దుదామని కేరేజీ పట్టుకుని తలుపు దాకా వెళ్ళాను. నేను కనపడగానే వాళ్ళు ఎంత మర్యాదగా లేచి నిలబడతారో గుర్తొచ్చి, నాలో నేనే నవ్వుకుని వెనక్కొచ్చేశాను. కూర్చుని, కేరేజీ విప్పుకున్నాను. వాడు మళ్ళీ మొదలుపెట్టాడు, ఈసారి సగం మాటలు అందలేదు.

లేచి ఫ్యాను ఆపాను.